గిన్నెలో ఏడు శాతం

అమీర్‌పేట,
18 జూన్ 2000

అక్కా,

చేరానని నువ్వు ఫోన్‌లో చెప్పిన ఆ అరనిమిషం తప్ప ఇంకేమీ తెలియలేదు. మస్కట్ ఎలా ఉంది, అరబ్బీ రాని నర్సుల్ని అక్కడ పేషెంట్లు తిడతారా, నీ గదిలో ఉన్న మలయాళీ అమ్మాయి మంచిదేనా, అన్నీ రాయి. ఫోన్‌లో నేను ‘బాగున్నాం’ అంటాను, నువ్వు ‘సరే’ అంటావు, పెట్టేశాక ఇద్దరం ఏడుపు మొహాలు వేసుకుంటాం. ఉత్తరమే మేలు.

ముందు నువ్వు అడగబోయేది చెప్పేస్తాను. బావ బాగున్నాడు. చుక్క ముట్టలేదు. పొద్దున్నే లేచి కీర్తనలు పాడుకుంటూ వంట చేస్తున్నాడు, ఉప్పు మాత్రం ఇంకా కుదరడం లేదు. టైపు ఇన్‌స్టిట్యూట్‌కి ఇప్పుడు ఇద్దరే పిల్లలొస్తున్నారు. మెట్ల గోడల నిండా జావా, ఒరాకిల్ అంటూ అంటించిన కాగితాల మధ్య మన బోర్డు ఎక్కడుందో నేనే వెతుక్కోవాలి. అయినా బావ రోజూ తాళం తీసి, మిషన్లన్నీ తుడిచి, రిబ్బన్లు చూసి, కుర్చీలో కూర్చుంటాడు. ‘ఎవరొస్తారని బావా?’ అంటే ‘ఎవరూ రాకపోతే నేనున్నాగా’ అంటాడు.

ఇక నా సంగతి. నవ్వకు. హనుమత్ప్రసాద్ గుర్తున్నాడా, యూనివర్సిటీలో నా రూమ్మేటు, ఇప్పుడు పంజాగుట్టలో వారపత్రిక నడుపుతున్నాడు. వాడికెవరో నాసిక్ దగ్గర చేసిన వైన్ సీసా ఇచ్చారట. మంచిదో కాదో తేల్చమని సనత్‌నగర్‌లో మా ల్యాబ్‌కి పట్టుకొచ్చాడు. మందుబిళ్లల్లో మలినాలు వెతుక్కునేవాణ్ణి, నాకేం తెలుసు? యంత్రంలో పెట్టేముందు అలవాటు కొద్దీ వాసన చూశాను. అక్కా, జామకాయ! అప్పుడే కోసిన జామకాయ. దాని వెనక బెంగుళూరు మిరపకాయ తుంచినట్టు పచ్చి వాసన. ఆ వాసన ఇచ్చే అణువు పేరు నాకు తెలుసు, దాని బొమ్మ పరీక్షలో గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అది ద్రాక్షపళ్ల రసంలోంచి లేచి నా ముక్కుని పలకరిస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఒక గుక్క నోట్లో పెట్టుకుని, తిప్పి, సింకులో ఉమ్మేశాను. అలాగే చెయ్యాలట. మింగలేదు, నీ మీద ఒట్టు.

ఆ రోజంతా ఎందుకో హుషారుగా ఉంది. పదిహేనేళ్లుగా ద్రావకాలు పీల్చి పీల్చి ఈ ముక్కు చచ్చిపోయిందనుకున్నాను.

ఎండలో తిరక్కు. నీళ్లు బాగా తాగు.

నీ తమ్ముడు
ఆండ్రూ


మస్కట్,
4 జూలై 2000

ఒరేయ్ ఆండ్రూ,

డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే నీ ఉత్తరం చదివాను. జామకాయ దగ్గర ఆగిపోయాను. నీకు బుద్ధుందా అసలు?

నువ్వు మర్చిపోయి ఉంటే నేను గుర్తుచేస్తాను. మద్యనిషేధం ఉన్నన్నాళ్లు మీ బావ గుడుంబా వెతుక్కుని తాగాడు. ఎత్తేశాక షాపు ముందే పడుకున్నాడు. పంజాగుట్ట చౌరస్తాలో మోరీ పక్కన పడి ఉంటే నువ్వూ నేనూ ఆటోలో వేసుకొచ్చాం, నువ్వు కాళ్లు పట్టుకున్నావు, నేను తల పట్టుకున్నాను. హాస్పిటల్లో డాక్టరు నన్ను పక్కకి పిలిచి ఏమన్నాడు? ‘సిస్టర్, మీకు వేరే చెప్పక్కర్లేదు. లివర్ గట్టిపడిపోయింది. మళ్లీ మొదలుపెడితే రక్తం కక్కుకుని పోతాడు’ అన్నాడు. నర్సునిరా నేను. అలా పోయినవాళ్లకి బకెట్లు పట్టాను.

ఆ తర్వాతే కదా ఆయన గుడిలో, పాస్టరు రాజనర్సయ్య అయ్యగారి ముందు, సంఘం అందరి ముందు నిలబడి ‘ఇక నా నోట్లో చుక్క పడదు’ అని మాట ఇచ్చింది. రెండేళ్లయింది. నెలనెలా మొదటి ఆదివారం బల్ల దగ్గరికెళ్లి సంస్కారపు గిన్నెలో ద్రాక్షరసం అందుకునేటప్పుడు ఆయన మొహం ఎప్పుడైనా చూశావా? కొత్త చొక్కా తొడుక్కున్న పిల్లాడి మొహంలా ఉంటుంది. మాకు పిల్లా జెల్లా లేరు. ఆయన సాధించింది అదొక్కటే, నాకు మిగిలింది ఆయనొక్కడే.

నిన్ను నమ్మే విమానం ఎక్కాను. ఇంట్లోకి సీసా రాకూడదు. ఖాళీది కూడా. ఒట్టు వేసి రాయి, అప్పటిదాకా నాకు అన్నం సయించదు.

మలయాళీ అమ్మాయి మంచిదే. కొబ్బరినూనెలో చేపలు వేయిస్తుంది, నా దుప్పటికి కూడా అదే వాసన. ఎండ గురించి అడగకు.

అక్క


అమీర్‌పేట,
20 ఆగస్టు 2000

మహాఘనత వహించిన కృపామణి సిస్టర్ గారికి, దోషి ఆండ్రూ చేతులు కట్టుకుని రాసుకునేది,

ఒట్టు. ఇంట్లోకి సీసా రాదు. ఖాళీది రాదు, బిరడా కూడా రాదు. ఎడమచెయ్యి బైబిల్ మీద పెట్టి రాస్తున్నాను, అక్షరాలు మామూలుకంటే ఘోరంగా ఉంటే అదే కారణం.

మానేస్తానని మాత్రం రాయను. వినవే కాస్త. వారానికోసారి పంజాగుట్టలో హనుమత్ప్రసాద్ ఆఫీసు మేడ మీద కలుస్తున్నాం. సాఫ్ట్‌వేర్ కంపెనీల కుర్రాళ్లు ఇద్దరు, ఒక హోటల్ మేనేజరు, నేను. పేరు కనబడకుండా సీసాకి కాగితం చుట్టి గ్లాసుల్లో పోస్తారు. రంగు చూడాలి, గ్లాసు తిప్పి వాసన చూడాలి, నోట్లో పెట్టుకుని గాలి పీల్చాలి, పక్కనున్న బకెట్టులో ఉమ్మాలి, అప్పుడు రాయాలి. మొదటిరోజు నా చొక్కా మీదే ఉమ్ముకున్నాను. మొదట్లో రాసినవన్నీ రసాయనాల పేర్లే. హనుమత్ప్రసాద్ చదివి ‘ఇది వైన్ గురించా, ఎరువుల గురించా?’ అన్నాడు. రోషం వచ్చింది కానీ వాడన్నది నిజమే.

అప్పుడు మన అమ్మ వంటింట్లోంచి మొదలుపెట్టాను. ఎర్ర వైన్ తాగితే నేరేడుపళ్లు తిన్నట్టు నాలుక పట్టేస్తుంది. ఇంగ్లీషువాడు దాన్ని చెప్పడానికి నానా తంటాలూ పడతాడు. మనకి ‘వగరు’ అని ఒక్క మాట చాలు! చెడిపోయిన సీసాలో తడిసిన గోనెసంచి వాసన. ఇంకోదాంట్లో మాగాయ. మాగాయ అనగానే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు పకపకా నవ్వారు, మళ్లీ వాసన చూసి నోరు మూసుకున్నారు.

అవన్నీ ఇప్పుడు వాడి పత్రికలో వారం వారం వస్తున్నాయి. ఈ ఊళ్లో ‘వైన్స్’ అని బోర్డున్న ప్రతి షాపులోనూ బ్రాందీ, విస్కీ, రమ్ము, బీరు ఉంటాయి, వైన్ అడిగితే పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. మొదటి వ్యాసం దాని మీదే. జనం ఉత్తరాలు రాస్తున్నారక్కా! పదిహేనేళ్లు రిపోర్టులు రాశాను, మా మేనేజరు తప్ప ఒక్కడు చదివిన పాపాన పోలేదు.

బావ సంగతి ఆఖర్న ఎందుకు పెట్టానంటే, మంచి వార్త కాబట్టి. నా దస్తూరీ పత్రికవాళ్లకి అంతుపట్టడం లేదు. బావే తెలుగు మిషన్ మీద టైపు చేసి పెడుతున్నాడు. తప్పులు కూడా దిద్దుతాడు. ‘వగరు’ దగ్గర ఆగి ‘మంచి మాట పట్టావయ్యా’ అన్నాడు. ఇన్‌స్టిట్యూట్‌లో మళ్లీ మిషన్ చప్పుడు వినబడుతోంది. కింద జావా క్లాసువాడు పైకొచ్చి ‘ఏంటండీ ఈ గోల’ అని దెబ్బలాడి వెళ్లాడు. బావ ఎంత సంతోషించాడో చెప్పలేను.

అన్నం తిను ఇక.

ఆండ్రూ


మస్కట్,
8 అక్టోబరు 2000

ఆండ్రూ,

మీ బావ టైపు చేస్తున్నాడని చదివి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆయన కూడా రాశాడు, రెండు పేజీలు, టైపు కొట్టి, ఒక్క తప్పు లేకుండా. ‘మీ తమ్ముడు రాసేవి కొడుతుంటే ద్రాక్షతోటలో నడుస్తున్నట్టుంది’ అట. తాగుడు మానేసిన మొగుడు పెళ్లానికి రాయాల్సిన మాటేనా అది? కానీ కింద ‘పని దొరికింది కృపా, పొద్దు తెలియడం లేదు’ అని ఉంది. ఆ ఒక్క ముక్క కోసం నోరు మూసుకుంటున్నాను.

ఇప్పుడు నా భయం నీ గురించి. రత్నమాల ఆంటీ రాసింది. ఆరాధనలో నీ పక్కన కూర్చుంటే వాసన వచ్చిందట. ‘మీ ఆయన కాదు తల్లీ, మీ తమ్ముడే’ అని ప్రత్యేకంగా రాసింది. ఉమ్మేసేవాడి దగ్గర వాసన ఎందుకొస్తుంది? మొదటి ఉత్తరంలో ‘నోట్లో పెట్టుకున్నాను’ అని రాశావు, రెండోదాంట్లో ‘ఎర్ర వైన్ తాగితే’ అని రాశావు. నేను చదువు తక్కువదాన్నే కానీ గుడ్డిదాన్ని కాదు. పైగా నువ్వు అబద్ధం ఆడేటప్పుడు జోకులు ఎక్కువేస్తావు, చిన్నప్పట్నించీ అంతే.

ఒకణ్ణి మోసేసరికే నా నడుం విరిగింది. రెండోవాణ్ణి మొయ్యలేను. పెళ్లి చేసుకోమంటే పుస్తకాలన్నావు, ఇప్పుడేమో గ్లాసులు.

ఇక్కడ రంజాన్ వస్తోందని డ్యూటీలు మార్చారు. కాళ్లు వాచిపోతున్నాయి. మీ బావకి రాయకు.

అక్క


అమీర్‌పేట,
21 జనవరి 2001

అక్కా,

మూడు నెలలు కావాలనే రాయలేదు. కోపం వచ్చింది. నన్ను తాగుబోతు అన్నావు. సరే, ఒప్పుకుంటాను, మంచిదైతే మింగుతాను. అయిందా? ఆఖరి గుక్క మింగకపోతే దాని రుచి గొంతులో ఎంతసేపు నిలుస్తుందో ఎలా తెలుస్తుంది? తూలుతూ ఇంటికొచ్చానని ఎవరైనా రాస్తే అప్పుడు తిట్టు.

క్రిస్మస్ బాగా జరిగింది. బావ బాస్ గొంతుతో పాడుతుంటే వెనక బెంచీలవాళ్లు కూడా తిరిగి చూశారు. ఇప్పుడు అసలు కబురు, ఇది చదివితే నీ కోపమంతా పోతుంది.

కొత్త సంవత్సరం సంస్కారంలో గిన్నె నా దగ్గరికి వచ్చినప్పుడు, ఆరు నెలలుగా సాధన చేసిన ముక్కు కదా, ఊరుకోలేదు. లవంగం, ఉడికిన నల్లద్రాక్ష, దాని వెనక పులిసిన పిండి లాంటిది. సంస్కారం కోసం రత్నమాల ఆంటీ వేసవిలో ద్రాక్షపళ్లు ఉడికించి, చక్కెర కలిపి, జాడీలో పోసి, గుడ్డ కట్టి, నెలల తరబడి వాడుతుంది కదా. హైదరాబాద్ ఎండల్లో అది ఊరుకుంటుందా? చిన్న సీసాలో పోసిమ్మని అడిగాను. ‘కొంచెమే తీస్కో బిడ్డా, వచ్చే నెలకు సుత కావాలె’ అంది. ల్యాబ్‌లో యంత్రంలో పెట్టాను. ఏడు శాతం ఆల్కహాల్! బీరుకంటే ఎక్కువ. మన సంఘం మొత్తం, ముసలమ్మల దగ్గర్నించి అయ్యగారి దాకా, ఇన్నేళ్లుగా నెలనెలా వైన్ తాగుతోందన్నమాట. అదీ మరీ చెడ్డ వైనేం కాదు.

ఆ వారం వ్యాసం దాని మీదే రాశాను. నా మొట్టమొదటి వైన్ ల్యాబ్ సింకు దగ్గర కాదు, గుళ్లో మోకాళ్ల మీద అని. నేను రాసినవాటిలో అదే మంచిది. హనుమత్ప్రసాద్ కళ్లు తుడుచుకున్నాడు.

బావే టైపు చేశాడు. సగంలో ఆగి ‘ఏడేనా? లెక్క తప్పు పోలేదుగా?’ అన్నాడు. ‘మళ్లీ మళ్లీ చేశాను బావా, తప్పు పోదు’ అన్నాను. ‘నేను మానేసినప్పుడు కూడా ఇంతే ఉండేదంటావా?’ అన్నాడు. ఆంటీ ఎప్పుడూ ఒకేలా చేస్తుంది కాబట్టి ఉండే ఉంటుందన్నాను. ‘అయితే నేను మొదట్నించీ తాగుతూనే ఉన్నానన్నమాట!’ అని పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. మిగిలింది కొట్టేసి, కాగితం నా చేతిలో పెట్టి, మిషన్ మీద గుడ్డ కప్పేశాడు. ఎంత సరదా మనిషక్కా, నువ్వు ఊరికే హడలిపోతావు గానీ.

పత్రిక కూడా పంపుతున్నాను. నీ మలయాళీ స్నేహితురాలికి చదివి చెప్పు.

ఆండ్రూ


మస్కట్,
2 ఫిబ్రవరి 2001

ఆండ్రూ,

ఈ ఉత్తరం అందిన వెంటనే లేచి మీ బావ దగ్గరికి వెళ్లు. లెక్క తప్పిందని చెప్పు. సీసాలు తారుమారయ్యాయని చెప్పు, యంత్రం చెడిందని చెప్పు, ఏం చెబుతావో నీ ఇష్టం. గిన్నెలో ఉన్నది వట్టి ద్రాక్షరసమేనని చెప్పు. నేను చెబితే నమ్మడు. అయ్యగారు చెప్పినా ఓదార్పు మాటలనుకుంటాడు. నువ్వు చెబితే నమ్ముతాడు. నువ్వు సైంటిస్టువి కదా.

నవ్వాడని రాశావు. ఇరవై రెండేళ్లు ఆయనతో కాపురం చేశానురా. అలా నవ్విన ప్రతిసారీ ఆ సాయంత్రం ఆయన కోసం చౌరస్తాలన్నీ గాలించాను.

నీకది ఒక అంకె. ఆయనకి రెండేళ్ల బతుకు. పొద్దున్నే లేచి ‘నిన్న కూడా ముట్టలేదు’ అనుకుని, ఆ బలంతో మంచం దిగే మనిషి ఆయన. నువ్వు పోయి, ఒక్క నెల కూడా మానలేదు పొమ్మన్నావు. అదీ ఆయన చేతే టైపు చేయించావు.

నిన్న ఫోన్ చేశాను. ఆయనే ఎత్తాడు. గొంతు మరీ మెత్తగా ఉంది. నిన్ను పిలవమంటే పంజాగుట్టలో ఉన్నాడన్నాడు. వెనక సిస్టర్లు వరసకట్టి నిలబడితే నేనేం అడగను, ఏం చెప్పను? ‘తిన్నారా’ అన్నాను. ‘తిన్నాను’ అన్నాడు.

ఆలస్యం చెయ్యకు నాన్నా. నా బంగారు కదూ.

అక్క


అమీర్‌పేట,
18 ఫిబ్రవరి 2001

అక్కా,

నువ్వడిగిన పని చెయ్యలేదు. చెయ్యలేను.

నా జీవితంలో ఒక్క అంకె మార్చలేదు. చెడిపోయిన సరుకు పాసయిందని సంతకం పెట్టమని మా మేనేజరు బతిమాలాడు, బెదిరించాడు. పెట్టలేదు. నా కిందివాళ్లు నా పైకెళ్లిపోయారు. నాకు ఇల్లూ లేదు, సంసారమూ లేదు, ఉన్నది ఆ ఒక్క నిజాయితీ. దాన్ని కూడా తీసి పారెయ్యమంటున్నావు. పైగా ఒక చెంచాడు రసంలో ఏడు శాతం అంటే ఎంతని? లివర్‌కి తెలియను కూడా తెలియదు, నర్సువి, నీకు నేను చెప్పాలా? నిజం తెలిస్తే మనిషి చెడిపోతాడంటే నేను నమ్మను.

సంఘంలో మాత్రం గొడవైంది. అయ్యగారు పిలిపించి అందరి ముందూ కడిగేశారు. ‘మా గిన్నెల సారా ఉన్నదని పేపర్ల రాస్తివి. వేరే సంఘపోల్లు మమ్మల్ని జూసి నవ్వరా? గా లెక్కలన్నీ నీ ల్యాబుల చేస్కో, గుళ్లె ఎందుకు నీకు?’ అన్నారు. రత్నమాల ఆంటీ ఏడుస్తూ జాడీ మొత్తం మోరీలో పారబోసింది. ఇప్పుడు పళ్లు అప్పటికప్పుడు పిండి పోస్తున్నారు. బావ ఈ నెల బల్లకి లేవలేదు, వెనక బెంచీలో కూర్చున్నాడు. అడిగితే మోకాళ్ల నొప్పన్నాడు.

నీ భయం పోగొట్టడానికే ఒక పని చేశాను. పూర్తిగా చదివి అప్పుడు తిట్టు. కిందటి వారం బావని పంజాగుట్ట తీసుకెళ్లాను. దాచిపెడితేనే ఆశ పెరుగుతుంది, ఎదురుగా పెడితే చస్తుందని నా నమ్మకం. గ్లాసు చేతికిచ్చి వాసన చూడమన్నాను. బావ చాలాసేపు కళ్లు మూసుకుని ‘నిమ్మాకు. ఉతికి ఆరేసిన బట్ట’ అన్నాడు. అందరం నోళ్లు వెళ్లబెట్టాం, సరిగ్గా అదే! తర్వాత ఒక గుక్క నోట్లో పోసుకుని, తిప్పి, బుద్ధిగా బకెట్టులో ఉమ్మేశాడు. నా కళ్లముందే. తాగుబోతు ఎక్కడైనా ఉమ్ముతాడా? ఆ జబ్బు పోయిందక్కా. నువ్వు నిశ్చింతగా ఉండు.

ఆండ్రూ


మస్కట్,
3 మార్చి 2001

ఆండ్రూ,

సెలవు అడిగాను. పాస్‌పోర్టు హాస్పిటల్ ఆఫీసులో ఉంది, ఏప్రిల్ దాకా ఇవ్వరట. మేట్రన్ గది ముందు నేలమీద కూర్చున్నాను, లేపి పంపేశారు.

నీ కళ్లముందు ఉమ్మాడు, సరే. నీ కళ్లు లేనప్పుడు? ఆయనకి మోకాళ్ల నొప్పి ఏనాడూ లేదు. ఇన్‌స్టిట్యూట్ తాళంచెవి నీ దగ్గర పెట్టుకో. సాయంత్రాలు ఇంట్లో ఉండు. పంజాగుట్ట మానెయ్యి, నాకోసం కాకపోతే ఆయన కోసం.

నీ నిజాయితీ గొప్పదే, కాదనను. ఒక్కసారికి దాన్ని పక్కన పెట్టు. లెక్క తప్పిందని చెప్పి, ఆ పాపం నా నెత్తిన వెయ్యి. నీకంటే పెద్దదాన్ని, నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని, అయినా నీ కాళ్లు పట్టుకుంటున్నాను.

కృప


అమీర్‌పేట,
25 మార్చి 2001

అక్కా,

‘ఏమీ దాచకుండా రాయి’ అని ఫోన్‌లో అన్నావు. రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాను. చెబుదామనే వెళ్లాను. బావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, లవంగం నములుతున్నాడు. ‘బావా, ఆ ఏడు శాతం లెక్క ఉంది చూడు’ అన్నాను. ‘ఏమైంది?’ అని చటుక్కున తలెత్తి చూశాడు. ఆ చూపు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఎంతో ఆశగా చూశాడక్కా. ‘ఏం లేదు, పత్రికవాళ్లు మళ్లీ వేస్తారట’ అన్నాను. ‘ఓహో’ అని మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

సోమవారం మధ్యాహ్నం జావా క్లాసువాడు ల్యాబ్‌కి ఫోన్ చేశాడు. నేను వెళ్లేసరికి బావ మెట్ల మీద గోడకానుకుని కూర్చుని ఉన్నాడు, చొక్కా నిండా రక్తం. ఆటోలో నా ఒళ్లోనే మళ్లీ కక్కాడు. పంజాగుట్ట హాస్పిటల్లో చేర్చాను, వాళ్లు చెయ్యగలిగినదంతా చేశారు. దారిలో నా చెయ్యి పట్టుకుని ‘కృపతో మాత్రం రెండేళ్లు మానేశాననే చెప్పు’ అన్నాడు. తర్వాత మాట్లాడలేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పోయాడు.

మిషన్ల మీద కప్పిన గుడ్డలు తీస్తే వెనకంతా క్వార్టర్ సీసాలు. చవక బ్రాందీ. జనవరి నుంచీ తాగుతున్నాడు. వాసన ఎందుకు తెలియలేదని నువ్వడుగుతావు. నేనే రోజూ ఆ వాసనతో ఇంటికి వస్తున్నాను. ఇంట్లో వాసన వస్తే నాదే అనుకున్నాను. ఊళ్లోవాళ్ల గ్లాసుల్లో నిమ్మాకులూ జామకాయలూ పట్టినవాణ్ణి, పక్క మంచం మీద మనిషి చస్తుంటే పట్టలేకపోయాను. నా చేతులతో నేనే చంపుకున్నానక్కా.

రాజనర్సయ్య అయ్యగారు ఒక్క మాట కూడా అనకుండా భూస్థాపన జరిపించారు. రత్నమాల ఆంటీ నా మొహం చూడలేదు. పత్రికకి రాయనని చెప్పేశాను.

అన్నీ రాయమన్నావు కాబట్టి ఇది కూడా రాస్తాను. మట్టి వేశాక, అందరూ వెళ్లిపోతుంటే, హనుమాండ్లు అని ఒక ఆటో డ్రైవరు నా దగ్గరికొచ్చాడు. నీకు తెలియదు, నువ్వు వెళ్లాక సంఘంలో చేరాడు, తాగుడు మాన్పించి తీసుకొచ్చింది బావేనట. నాకూ ముఖపరిచయం తప్ప ఏమీ లేదు. చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

‘సార్, జర ఒక్క మాట అడుగుత, గుస్సా గాకుండ్రి. గా గిన్నెల సారా ఉన్నదని మీరు రాసిండ్రట గదా. మీ బావ క్రీస్తుదాసన్న చెప్పిండు. నేను మొన్నటి క్రిస్మస్‌ల సుత గా గిన్నె తాగిన. ఒట్టు బెట్టుకున్న కాన్నుంచి ముట్టలేదనే అనుకుంటున్న సార్. మరి నేను సుత తాగినట్టేనా?’

‘లేదు హనుమాండ్లూ. నా లెక్క తప్పింది. మళ్లీ చేసి చూశాను. అందులో ఏమీ లేదు’ అన్నాను. ఊపిరి తీసుకున్నంత సేపు కూడా ఆలోచించలేదు. ‘పక్కానా సార్?’ అన్నాడు. పక్కా అన్నాను. నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. ‘మస్తు ఫికరైంది సార్, రాత్రుల్ల నిద్ర లేదు’ అన్నాడు. వచ్చేవారం పత్రికలో కూడా లెక్క తప్పని వేయిస్తున్నాను.

నువ్వు ఎప్పుడొస్తావు? నన్ను తిట్టడానికైనా రా.

ఆండ్రూ


మస్కట్,
10 ఏప్రిల్ 2001

ఆండ్రూ,

ఉత్తరం అందింది.

పాస్‌పోర్టు ఇప్పుడు ఇస్తామంటున్నారు. అక్కర్లేదన్నాను. ఎవరున్నారని రావాలి? ఇంకో రెండేళ్లు ఉంటానని సంతకం పెట్టాను.

ఆయన చొక్కాలు బీరువాలో పై అరలో ఉంటాయి, మంచివి హనుమాండ్లుకి ఇవ్వు. ఇన్‌స్టిట్యూట్ గది ఖాళీ చేసెయ్యి. మిషన్లు ఎవరైనా అడిగితే ఇచ్చెయ్యి, అడక్కపోతే పాత ఇనుముకి వెయ్యి. రత్నమాల ఆంటీ ఇంటికెళ్లి, ఆమె తప్పేమీ లేదని నేను అన్నానని చెప్పు. తలుపు తియ్యకపోయినా బయటే నిలబడి చెప్పు.

మీ బావ రెండేళ్లు మానేశాడు. ఎవరడిగినా నేను అలాగే చెబుతాను.

నిన్ను తిట్టను. తిట్టే ఓపిక లేదు. రాత్రి డ్యూటీలో నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. హనుమాండ్లు అడగగానే చెప్పేశావు. వాడు నమ్మాడు, ఇంటికెళ్లి నిద్రపోయి ఉంటాడు. మంచి పని చేశావు. నేను ఫిబ్రవరిలో అడిగాను, మార్చిలో కాళ్లు పట్టుకుని అడిగాను.

వాడు నీకేమవుతాడురా?

కృపామణి